ఛాయమ్మ కొడుకును చూద్దాం రండి

(2025 డిసెంబర్‌లో ఒక శనివారం సాయంత్రం, నల్లగొండలో ఒక బడి డాబా మీద టెలిస్కోపులో శనిని చూపించే ముందు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలూ, మీరు టెలిస్కోపు దగ్గరి నుంచి కొంచెం ఇటు జరగండి. దాని కాళ్లకు తగిలితే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. తొందరేం లేదు, ఆయన ఎక్కడికీ పోడు. పోయినా చాలా మెల్లగా పోతాడు. ఎంత మెల్లగానో చెబుతాను.

ముందు ఒకసారి తలెత్తి దక్షిణం వైపు చూడండి. బాగా పైకి, దాదాపు నెత్తి మీదికి. కొంచెం పసుపు రంగులో, మినుకుమనకుండా నిలకడగా ఒకటి వెలుగుతోంది, దొరికిందా? చుట్టుపక్కల చుక్కలు మినుకుమంటున్నాయి, అది మాత్రం అనడం లేదు. అదే. ఎవరి పేరు వింటే చిన్నప్పటి నుంచి ఉలిక్కిపడతామో, ఆయనే. పని చెడితే "శని పట్టింది" అంటాం. పిల్లల మీద కోపమొస్తే "శనిగాడా" అని తిడతాం. ఏలినాటి శని అంటే ఇంట్లో అందరి మొహాలూ వాడిపోతాయి. మరి ఇక్కడున్న ఇంతమందిలో, ఆయన్ని ఎప్పుడైనా కళ్లారా చూసినవాళ్లెవరు? చేతులెత్తండి. నలుగురు. ఆ మూలన ఇంకొకరు. ఐదుగురు. ఇంతమందిలో ఐదుగురే. ఇన్నేళ్లుగా భయపడుతున్నాం, ఎవరికి భయపడుతున్నామో ఒక్కసారి తలెత్తి చూసుకోలేదు.

నేను ఆయన్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఇంట్లో మనిషిలాగా ఇష్టం. ఆ మాట నలుగురిలో చెప్పాలనే ఇవాళ వచ్చాను.

నాకు సంబంధాలు చూసే రోజుల్లో జాతకంలో శని బాగా లేడన్నారు. ఇద్దరు వచ్చి టిఫిన్ తిని, జాతకం కాగితం తీసుకుపోయి, మళ్లీ రాలేదు. మా అమ్మ ప్రతి శనివారం తలస్నానం చేసి, నల్లగుడ్డలో నువ్వులు మూటగట్టి, నువ్వుల నూనె సీసా పట్టుకుని నవగ్రహాల దగ్గరికి నడిచేది. నన్ను వెంట తీసుకుపోయేది. ఆ చిన్న నల్లరాతి విగ్రహం చుట్టూ తిరుగుతూ అమ్మ కళ్లు తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నేను బీఎస్సీ చదివినదాన్ని. ఆయన సూర్యుడికి 143 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని పుస్తకంలో చదివినదాన్ని. అయినా ఆ నూనె వాసనలో నిలబడితే నాకూ గుండె దడదడలాడేది. చదువుకూ భయానికీ మధ్య ఒక్క చూపు తక్కువైంది నాకు. ఆ చూపు 1995లో దొరికింది.

దానికంటే ముందు, ఆ ఏడున్నర సంగతి చెప్పాలి. ఏలినాటి శని ఎన్నేళ్లు? ఏడున్నరేళ్లు. ఇక్కడ ఎవరికీ తెలియక కాదు. కానీ ఏడున్నరే ఎందుకు? ఏడు ఎందుకు కాదు, పది ఎందుకు కాదు? లెక్క చూడండి. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 29న్నర ఏళ్లు పడుతుంది. ఆ దారిని 12 రాశులుగా పంచారు మనవాళ్లు. 29న్నరను 12తో భాగించండి. రెండున్నరకు కొంచెం తక్కువ. అంటే ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు. మన రాశికి ముందుది, మన రాశి, తర్వాతది. మూడు రాశులు. మూడు రెండున్నరలు ఎంత? ఏడున్నర!

ఇది ఎవరు లెక్కపెట్టారు? టెలిస్కోపు లేదు, గడియారం లేదు, కెమెరా లేదు. ఎవరో ప్రతి రాత్రీ ఆకాశం చూశారు. ఈ చుక్క నిన్న ఉన్న చోటే ఇవాళా ఉంది, నెలకు కూడా పెద్దగా కదల్లేదు, అయినా కదులుతోంది అని కనిపెట్టారు. ఒక చుట్టు చూడాలంటే ముప్పై ఏళ్లు. రెండో చుట్టు చూసి ఖాయం చేసుకోవాలంటే అరవై ఏళ్లు. తాత చూసింది మనవడికి అప్పజెబితేనే ఆ లెక్క తేలుతుంది. చూసి చూసి ఆయనకు ఒక పేరు పెట్టారు, శనైశ్చరుడు. శనైః అంటే మెల్లగా. చరుడు అంటే నడిచేవాడు. మెల్లగా నడిచేవాడు. అంతే! ఆ పేరులో శాపం లేదు, భయం లేదు. మందుడు అని ఇంకో పేరు, దానికీ అదే అర్థం. జాతకం మాట అటుంచండి. ఆ పేరు పెట్టిన మనిషి కన్నుకు మాత్రం నేను రెండు చేతులెత్తి దండం పెడతాను.

జొన్నరొట్టె అంచు

1995 చలికాలం. అప్పటికి నాకు టీచర్ ఉద్యోగం వచ్చింది, పెళ్లీ అయింది. సైన్స్ సంఘం వాళ్లు ఒక చిన్న టెలిస్కోపు తెచ్చి శనిని చూపిస్తామన్నారు. పుస్తకాల్లో బొమ్మ తెలుసు కదా, చుట్టూ వెడల్పాటి వలయాలు. అది చూడాలని గంటసేపు లైన్లో నిలబడ్డాను. కన్ను పెట్టాను. చిన్న పసుపు గుండు. వలయం లేదు! అటూ ఇటూ వెంట్రుకంత గీత ఉందో లేదో కూడా తెలియలేదు. పక్కకొచ్చి, ఏం సార్, వలయాలేవి అని అడిగాను. ఈ ఏడాది అంచు మన వైపు తిరిగిందమ్మా, కొన్నేళ్లు ఆగి చూడండి అన్నాడాయన.

ఇది మీకు ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ మీరు చూడబోయేదీ అదే. ఫోన్లో చూసిన బొమ్మ ఇవాళ కనిపించదు. ముందే చెబుతున్నాను, లోపల కన్ను పెట్టి నిరాశపడొద్దు.

ఎందుకలా? ఇంట్లో జొన్నరొట్టె కాలుస్తారు కదా. పెనం మీది నుంచి తీసి కొంచెం వంచి పట్టుకుంటే గుండ్రంగా, వెడల్పుగా కనిపిస్తుంది. అదే రొట్టెను కంటికి సరిగ్గా ఎదురుగా, అడ్డంగా పట్టుకోండి. ఏం కనిపిస్తుంది? అంచు. ఒక గీత. శని దాదాపు 27 డిగ్రీలు ఒరిగి ఉన్నాడు. ఒరిగినవాడు ఒరిగినట్టే సూర్యుడి చుట్టూ పోతాడు. అందుకని ఒక చుట్టులో రెండుసార్లు రొట్టె అంచు మన కంటికి ఎదురుగా వస్తుంది. 1995-96లో వచ్చింది, 2009లో వచ్చింది, మళ్లీ ఈ ఏడాది మార్చిలో వచ్చింది. మార్చిలో వలయం అంచు మనకు అటు ఇటు కాకుండా సరిగ్గా ఎదురైంది. ఇప్పుడు కొంచెం పక్కకు తిరిగినా ఇంకా సన్నగా సూదిలాగే ఉంది.

1995 నుంచి 2025. లెక్కపెట్టండి. ఆయనకు ఒక్క ఏడాది! నేను మొదటిసారి చూసినప్పుడు ఆకాశంలో ఏ వైపున ఉన్నాడో, ఒక చుట్టు తిరిగి ఇంచుమించు అక్కడికే వచ్చాడు. నాకు జుట్టు నెరిసింది, ఉద్యోగం అయిపోయింది, మనవరాలు పుట్టింది. ఆయనకు ఒక సంవత్సరం నిండింది. ఈ ఉగాదికి పోయి మళ్లీ ఉగాదికి వచ్చినట్టు.

నేను నిరాశపడ్డానన్నాను కదా, నాకంటే ముందు ఇంకొకాయన ఇలాగే దిగులుపడ్డాడు. గెలీలియో. 1610లో తన టెలిస్కోపు శని వైపు తిప్పితే మూడు గుండ్లు కనిపించాయి. మధ్యలో పెద్దది, అటొకటి ఇటొకటి చిన్నవి. టెలిస్కోపు చిన్నది, వలయమని పోల్చుకోలేకపోయాడు. 1612లో మళ్లీ చూస్తే పక్కవి రెండూ మాయం! శని తన పిల్లల్ని తానే మింగేశాడా అని ఉత్తరంలో రాసుకున్నాడు. అంతటి మనిషి. అంచు ఎదురుగా వచ్చిందని ఆయనకెవరు చెప్పాలి? అసలు సంగతి హైగెన్స్ అనే డచ్ ఆయన తేల్చాడు, 1650లలో. దానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. శనితో వ్యవహారం ఎవరికైనా నెమ్మదే.

మా అమ్మను తీసుకుపోయింది 2003 జనవరిలో. అప్పుడు వలయాలు పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, డాబా మెట్లు ఎక్కనంటే ఎక్కనంది. శని మొహం చూడకూడదంటారు కదా, ఆ భయం కూడా ఉంది. నేనూ మా తమ్ముడూ చెరో రెక్క పట్టుకుని ఎక్కించాం. కుర్చీ వేశాం. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ముందు దండం పెట్టుకుని, అప్పుడు కన్ను పెట్టింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకు టెన్షన్. ఏమైందమ్మా అన్నాను. కన్ను తీయకుండానే అంది, "గింత సక్కగున్నడేందే. మెడల కడియం ఏసుకున్న పసిపిలగాని లెక్కున్నడు. ఈ పిలగాన్నా నేను గన్నేండ్లు బతిలాడుకున్నది?"

ఆ తర్వాత కూడా అమ్మ శనివారం దీపం మానలేదు. కానీ ఏడుస్తూ పెట్టలేదు.

కల్లంలో ఎడ్లు

సరే, ఆ కడియం దేనితో చేశారు? గట్టి రేకులాగా ఒకటే ముక్కా? 1850లలో మాక్స్‌వెల్ అనే ఆయన కాగితం మీద లెక్క చేసి, ఒకటే గట్టి ముక్క అయితే ఏనాడో పగిలిపోయేది, లెక్కలేనన్ని చిన్న చిన్న ముక్కలు విడివిడిగా తిరుగుతుంటేనే నిలుస్తుంది అన్నాడు. కంటితో చూసి కాదు, లెక్కతో.

మరి రుజువు? పెద్దవాళ్లకు కల్లం గుర్తుందా? ఇప్పుడు మిషన్లు వచ్చాయి కానీ, మా చిన్నప్పుడు మధ్యలో గుంజ పాతి ఎడ్లను వరసగా కట్టి తొక్కించేవాళ్లు. గుంజ దగ్గరి ఎద్దు ఎలా నడిచేది? మెల్లగా. చివరి ఎద్దు? ఉరకాలి పాపం. ఎందుకంటే అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. వలయం ఒకటే ముక్కయితే అలాగే ఉండాలి, బయటి అంచు వేగంగా పోవాలి. 1895లో కీలర్ అనే అమెరికా శాస్త్రవేత్త వలయాల నుంచి వచ్చే వెలుగును పరీక్షించి చూస్తే అంతా తిరగబడింది. లోపలివి వేగంగా పోతున్నాయి, బయటివి మెల్లగా పోతున్నాయి. తాడు లేదు! ప్రతి ముక్కా తన దారిన తాను సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు తిరుగుతోంది. ఇసుకరేణువంత నుంచి ఇల్లంత వరకు ఉంటాయి ఆ ముక్కలు. దాదాపు అంతా మంచుగడ్డే, నీటి మంచు.

ఎంత పలుచనో విన్నారా? అడ్డంగా ఆ చివరి నుంచి ఈ చివరికి సుమారు 2,80,000 కిలోమీటర్లు. మందం చాలా చోట్ల పది మీటర్లే. మూడంతస్తుల ఇల్లంత! మీ నోటుబుక్కులో కాగితం అంత పలుచగా దాన్ని చేశామనుకోండి, అప్పుడు దాని వెడల్పు ఎంతుండాలి? దాదాపు మూడు కిలోమీటర్లు. క్లాక్ టవర్ దగ్గర ఒక చివర పెడితే రెండో చివర పానగల్లు దారిలో చాలా దూరం పోతుంది. అంత పెద్ద కాగితం, ఎక్కడా చిరగకుండా. అందుకే అంచు మన వైపు తిరిగితే కనిపించకుండా పోతుంది.

మెల్లగా నడుస్తాడన్నానని సోమరి అనుకునేరు. తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతాడు. పది గంటల 33 నిమిషాలకు ఒక రోజు. అంత భారీ మనిషి, మన భూమికి 95 రెట్ల బరువు. ఆ ఊపుకు నడుము దగ్గర ఉబ్బిపోయాడు. పై నుంచి కిందికి కొలిస్తే ఒక లెక్క, అడ్డంగా కొలిస్తే దాదాపు 12,000 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బే దాదాపు మన భూమంత! ఒళ్లంతా ఎక్కువగా హైడ్రోజన్, హీలియమే కాబట్టి సాంద్రత నీళ్ల కంటే తక్కువ.

ఆ పది గంటల 33 నిమిషాలు ఎలా తెలిసిందో చెప్పనా? నాకు చాలా ఇష్టమైన ముచ్చట. నేల లేదు, మబ్బులే. ఒక గుర్తు పెట్టుకుని అది తిరిగొచ్చేదాకా చూద్దామంటే మబ్బులు ఒక్కో చోట ఒక్కో వేగంతో పోతాయి. ఎన్నో ఏళ్లు సరిగా తేలలేదు. చివరికి ఆయన మెడలోని కడియమే చెప్పింది. లోపల ఆయన ఒళ్లు గంటలాగా మోగుతూ ఉంటే, ఆ కదలికకు వలయాల్లో అలలు లేస్తాయి. చెరువులో రాయి వేస్తే లేచినట్టు. ఆ అలలను చదివి 2019లో లెక్క తేల్చారు. ఆ అలలను చూసింది కాసీని అనే అంతరిక్ష నౌక.

కాసీని 1997లో బయల్దేరింది, 2004లో చేరింది, 13 ఏళ్లు అక్కడే తిరిగింది. ఇవన్నీ గబగబా చెప్పేస్తాను, కానీ ఒక్క చోట మాత్రం ఆగుతాను, ఎందుకంటే అది మన జిల్లా వాళ్లకు వేరేవాళ్ల కంటే బాగా అర్థమవుతుంది.

శనికి ఇప్పటికి 274 చందమామలు లెక్కకొచ్చాయి. అందులో ఒకటి ఎన్సెలాడస్. చిన్నది, ఆ అంచు నుంచి ఈ అంచుకు 500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతికి రోడ్డు మీద పోయినంత దూరం కూడా లేదు. తెల్లటి మంచు ముద్ద. 2005లో కాసీని చూస్తే దాని దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్ల నుంచి నీళ్లు పైకి చిమ్ముతున్నాయి. మంచు కింద సముద్రం ఉంది! కాసీని ఆ చిమ్మే నీళ్లలోంచి దూసుకుపోయి రుచి చూసింది.

ఇప్పుడు చెప్పండి. నీళ్లు పడ్డాయనగానే సంతోషపడే జిల్లానా మనది? కాదు. బోరు వేస్తాం, నీళ్లు పడతాయి, వెంటనే ఏమడుగుతాం? ఫ్లోరైడ్ ఎంత? మర్రిగూడ వైపు ఆ నీళ్లు తాగి వంగిపోయిన వెన్నులు, వంకరపోయిన కాళ్లు చూసినవాళ్లం. నా క్లాసులో పిల్లలు నవ్వితే పళ్ల మీద ఆ గోధుమరంగు చారలు కనిపించేవి. ఆ ఫ్లోరైడ్ ఎక్కడిది? కింద ఉన్న గ్రానైట్ రాళ్లది. రాయిని తాకిన నీళ్లు రాయిలో ఉన్నదాన్ని మోసుకొస్తాయి. ఇది మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అక్కడా అదే జరిగింది. ఎన్సెలాడస్ నీళ్లలో ఉప్పు దొరికింది. ఇసుకలో ఉండే సిలికా నలుసులు దొరికాయి. హైడ్రోజన్ దొరికింది. కాసీని పంపిన పాత లెక్కలనే మళ్లీ తవ్వి చూస్తే 2023లో ఫాస్ఫేట్లు కూడా తేలాయి. దాన్ని బట్టి ఏం తెలిసింది? ఆ సముద్రం అడుగున రాయి ఉంది, నీళ్లు ఆ రాయిని తాకుతున్నాయి, అక్కడ వేడి కూడా ఉంది. ఎవరూ దిగకుండానే, బోరు వేయకుండానే అడుగున ఏముందో తెలిసింది. నీళ్ల పరీక్ష! మన దగ్గర సీసాలో పట్టి ల్యాబుకు పంపుతామే, అదే పని 143 కోట్ల కిలోమీటర్ల అవతల. ఆ నీళ్లలో ప్రాణం ఉందా అంటే, ఇప్పటిదాకా దొరకలేదు. ప్రాణానికి కావలసిన సరుకులు మాత్రం చాలావరకు ఉన్నాయి.

అందుకే కాసీనికి ఇంధనం అయిపోవచ్చినప్పుడు దాన్ని ఊరికే వదిలేయలేదు. అది ఎప్పుడో పోయి ఎన్సెలాడస్ మీదో, టైటాన్ అనే ఇంకో చందమామ మీదో పడితే, మన భూమి సూక్ష్మజీవులు దానికి అంటుకుని ఉంటే, ఆ నీళ్లు పాడవుతాయి. 2017 సెప్టెంబర్ 15న దాన్ని శని లోపలికే పంపించారు, అందులోనే కాలిపోయింది. ఎవరో తాగే నీళ్లు కూడా కాదవి. అయినా పాడుచేయకూడదనుకున్నారు. ఆ రోజు నేను స్టాఫ్ రూములో ఫోన్లో చూస్తూ ఏడ్చాను.

టైటాన్ గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. మీథేన్ వానలు, మీథేన్ చెరువులు. ఇవాళ శని పక్కన ఒక చిన్న చుక్క కనిపిస్తే అది టైటానే అనుకోండి, బుధగ్రహం కంటే పెద్దది.

నీడ

ఇంకొక్క మాట చెప్పి మైకు వదిలేస్తాను. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూడనివాళ్లు ఇక్కడ ఉండరు. గర్భగుడిలో పొద్దంతా ఒకే చోట నిలిచే నీడ. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతుంటాడు, లోపల నీడ కదలదు. స్తంభాలను ఎలా నిలబెడితే వెలుగు ఎలా వస్తుందో తెలిసిన శిల్పుల పని అది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి పని. మన ఊరివాళ్లకు నీడను చూడటం కొత్త కాదు.

మరి శని ఎవరి కొడుకు? సూర్యుడి కొడుకు, తల్లి ఛాయాదేవి. ఛాయ అంటే నీడ. ఇవాళ టెలిస్కోపులో ఆ పసుపు గుండు నడుము మీద దారంలాంటి నల్లగీత ఒకటి కనిపిస్తుంది, గాలి నిలకడగా ఉంటే. అది ఏమిటో తెలుసా? వలయాల నీడ. సూర్యుడి వెలుగు వలయాల మీద పడి, వాటి నీడ శని ఒంటి మీద పడుతోంది. వలయాలు విచ్చుకున్నప్పుడు అందరూ వలయాలనే చూస్తారు, ఈ నీడను పట్టించుకోరు. ఈ ఏడాది ఇదే చూడాలి. తల్లి చేయి కొడుకు నడుము చుట్టూ ఉన్నట్టుంటుంది. శాస్త్రంలో ఆ మాట లేదు, నాకలా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ కంట్లో పడే ఆ వెలుగు అక్కడ బయల్దేరి గంటా ఇరవై నిమిషాలైంది. ఇక్కడ హైదరాబాద్ బస్సెక్కితే చౌటుప్పల్ చేరేంత సేపు.

ఈ వలయాలు మెల్లగా విచ్చుకుంటూ 2032కు పూర్తిగా తెరుచుకుంటాయి. అప్పుడు మళ్లీ రండి, ఈ ముందు వరస పిల్లలు అప్పటికి కాలేజీలో ఉంటారు. మీరే మోసుకురావాలి టెలిస్కోపు, నాకు ఓపిక ఉండదు.

సరే, లైన్ కట్టండి. మెట్లెక్కలేక కింద కూర్చున్న పెద్దమ్మలను ముందు పైకి తీసుకురండి, కుర్చీ వేశాం. తర్వాత పిల్లలు. గొట్టాన్ని చేత్తో పట్టుకోవద్దు, కన్ను ఆనించవద్దు, కొంచెం దూరంగా పెట్టండి. ఒక కన్ను మూసుకోలేకపోతే చెయ్యి అడ్డం పెట్టుకోండి. మొదట ఏం కనిపించదు, అయినా తల తీయొద్దు, కాసేపు అలాగే ఉండండి. రా తల్లీ, నువ్వు రా. కనిపించిందా? పక్కకు పోతున్నాడా? అది ఆయన కాదమ్మా, మన భూమి తిరుగుతోంది. ఆగు, నేను జరుపుతాను. ఇప్పుడు చూడు.